ధన్యవాదంలో పేరూ పనీ ఉండాలి

నీటిపారుదల శాఖలో ఒక్కడే కూర్చుని మొదలుపెట్టి ముగించగల పని దాదాపు లేదు. కాలువకు నీళ్లు వదలాలంటే తలుపు ఎత్తే లష్కరు ఉండాలి. గేజి చూసి కబురు చేసే మనిషి ఉండాలి. తూము దగ్గర తెల్లవార్లూ కాపలా కాసే వర్క్ ఇన్‌స్పెక్టర్ ఉండాలి. చివరి ఆయకట్టు రైతు ఓపిక పట్టాలి. గోదావరి డెల్టాలో అసిస్టెంట్ ఇంజనీరుగా (ఏఈగా) చేరి సూపరింటెండింగ్ ఇంజనీరుగా రిటైరయ్యేదాకా నేను సంతకం పెట్టిన ప్రతి కాగితం వెనకా ఎందరిదో చెమట ఉంది. వాళ్లకు కృతజ్ఞత ఎలా చెప్పాలన్నది ఇంజనీరింగ్ కాలేజీలో ఎవరూ నేర్పలేదు. పైఅధికారుల్ని చూసి కొంత నేర్చుకున్నాను, కిందివాళ్ల ముఖాలు చూసి ఇంకా ఎక్కువ నేర్చుకున్నాను.

ఇప్పుడు శిక్షణ తరగతుల్లో కొత్త ఇంజనీర్లు కలుస్తుంటారు. డిజైన్ల గురించి అడుగుతారు, కాంట్రాక్టర్ల తగాదాల గురించి అడుగుతారు. కృతజ్ఞత చెప్పడం గురించి అడగరు. అడగకపోయినా చెప్పాల్సిన విషయమిది కనుక రాస్తున్నాను. బ్యాంకులో, బడిలో, ఆసుపత్రిలో, సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసేవాళ్లకు కూడా ఇందులో పనికొచ్చేది ఉంటుంది.

1. ఏం చేశారో తెలుసుకోకుండా థాంక్స్ చెప్పకండి

"సహకరించిన అందరికీ ధన్యవాదాలు" అన్న మాట ప్రతి సభలోనూ వింటాం. అది విన్నాక ఏ ఒక్కరూ తమకే చెప్పారని అనుకోరు. ఎవరు ఏం చేశారో కనుక్కునే శ్రమ తప్పించుకోవడానికే ఆ వాక్యం ఎక్కువగా వాడతాం. వాట్సాప్ గ్రూపులో చేతులు జోడించిన బొమ్మ కూడా అలాంటిదే.

కొద్ది మాటల్లో ఎంత చెప్పవచ్చో తెలియాలంటే కల్నల్ కాలిన్ మెకంజీని గుర్తు చేసుకోవాలి. దక్షిణ దేశంలో చాలాచోట్ల సర్వే చేసి, ఊరూరి చరిత్రలు చెప్పే కైఫీయతులు రాయించి, 1815లో భారతదేశపు తొలి సర్వేయర్ జనరల్ అయిన మనిషి ఆయన. మన భాషలేవీ ఆయనకు సరిగా రావు. కైఫీయతుల పని చాలావరకు ఏలూరుకు చెందిన కావలి సోదరులు, వాళ్లలాంటి పండితులు చేసిపెట్టారు. ఆ సోదరుల్లో వెంకట బొర్రయ్య చిన్న వయసులోనే, 1803లో పోయాడు. అది జరిగిన ఎన్నో ఏళ్లకు, 1817లో, మెకంజీ సర్ అలెగ్జాండర్ జాన్‌స్టన్‌కు తన పరిశోధన గురించి ఒక ఉత్తరం రాశాడు. భారతీయ విజ్ఞానమనే ద్వారంలోకి తనను మొదట అడుగు పెట్టించింది బొర్రయ్యతో ఏర్పడిన పరిచయమేనని ఆ ఉత్తరంలో పేరు పెట్టి మరీ చెప్పాడు. బొర్రయ్య అప్పటికి లేడు. మెచ్చుకుని పొందే లాభమూ ఏమీ లేదు. 1816లో థామస్ హికీ వేసిన చిత్రపటంలో కూడా మెకంజీ ఒంటరిగా ఉండడు. తన దగ్గర పనిచేసిన ముగ్గురు భారతీయులను పక్కన నిలబెట్టుకున్నాడు. తెల్లదొర పాలనలో అధికారి ఎవరో, పనివాడు ఎవరో ఆ బొమ్మలో స్పష్టంగానే తెలుస్తుంది. ఆ అంతరాన్ని నేను సమర్థించను. అయినా "నాకు ఈ దారి చూపింది ఫలానా మనిషి" అని రాతలో ఒప్పుకున్నాడు చూడండి, దానివల్ల కూడా బొర్రయ్య పేరు ఇవాళ మనకు తెలుసు.

నేను వాడే పరీక్ష ఒకటి చెబుతాను. మీరు రాసిన వాక్యంలోంచి ఆ మనిషి పేరు తీసేసి వేరొకరి పేరు పెట్టి చదవండి. అప్పుడూ వాక్యం చక్కగా అతికితే, మీరింకా ఆ మనిషికి ధన్యవాదం రాయలేదు. మళ్లీ వెళ్లి కనుక్కోండి.

2. నోటితో చెప్పండి, కాగితం మీద కూడా పెట్టండి

ఇది కొంచెం వివరంగా చెప్పాలి.

1986 ఆగస్టు వరదను గోదావరి జిల్లాల్లో నా ఈడు వాళ్లెవరూ మరచిపోలేదు. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేది నీటిమట్టం 17.75 అడుగులు దాటినప్పుడు. అంటే సుమారు 17 లక్షల క్యూసెక్కులు. ఆ ఆగస్టులో వచ్చినది దాదాపు 35 లక్షలు. గట్లు చాలాచోట్ల తెగాయి. లంకలు మునిగిపోయాయి. నేనప్పుడు చిన్న ఇంజనీర్ని. ఏటిగట్టు మీద కొన్ని కిలోమీటర్ల మేర నా బాధ్యత.

అర్ధరాత్రి దాటాక మా లష్కరు టార్చిలైటుతో పరిగెత్తుకొచ్చాడు. నాకన్నా పాతికేళ్లు పెద్దవాడు, బాబాయ్ అని పిలిచేవాణ్ణి. "ఏఈ గారూ, గట్టు చెమరుస్తోందండి" అన్నాడు. చెమర్చడం వరదలో మామూలే కదా అన్నాను. "నీళ్లు తేటగా లేవండి, ఒండ్రు రంగు తిరిగాయండి" అన్నాడు. ఆ ఒక్క ముక్కతో నాకు ఒళ్లు జలదరించింది. గట్టు అడుగున ఊరివైపు తేటనీరు ఊరితే కొంత ఊపిరి పీల్చుకోవచ్చు. బురద నీరు వస్తోందంటే లోపలి మట్టి కొట్టుకొస్తోందని అర్థం, నీరు కారే ఆ బుంగ పెద్దదైతే గంటల్లో గండి. బుంగను ఊరికే మూసేయడానికి ప్రయత్నిస్తే పక్కనించి పొడుచుకొస్తుంది. చుట్టూ ఇసుక బస్తాలతో కుండీలా కట్టి, అందులో నీరు నిలిచేలా చేసి, ఎదురు ఒత్తిడితో మట్టి కదలకుండా ఆపాలి. ఊళ్లో కుర్రాళ్లు బస్తాలు మోశారు, పక్క తోటల్లోంచి సర్వీ బాదులు తెచ్చి పాతారు. తెల్లారేసరికి నీటి రంగు మారింది. ఆ చోట గట్టు నిలిచింది.

వరద తీశాక మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారు పైకి నివేదిక పంపారు. "సిబ్బంది అప్రమత్తత వల్ల ప్రమాదం తప్పింది" అని రాసి ఊరుకోవచ్చు, సాధారణంగా అంతే రాస్తారు. ఆయన నన్ను పిలిచి, బుంగను మొదట ఎవరు చూశారు, ఏ కిలోమీటరు రాయి దగ్గర, ఏ వేళకు, తేడా ఎలా కనిపెట్టాడు అని అడిగి తెలుసుకుని, లష్కరు పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, ఆ నివేదికలో ఒక పేరాగా చేర్చారు. తర్వాత గట్టు మీదకు వచ్చి లష్కరుకు నేరుగా చెప్పారు కూడా. అదీ నాకు బాగా జ్ఞాపకం. కానీ పనికొచ్చింది కాగితం.

ఎలాగంటే, ఆ లష్కరు అప్పటికి నామినల్ మస్టర్ రోలు మీద పనిచేసే దినకూలీ. 1994 ఏప్రిల్ 22న జీవో 212 వచ్చింది. 1993 నవంబరు 25 నాటికి కనీసం ఐదేళ్లు వరసగా పనిచేసి, అప్పటికీ పనిలో ఉన్న దినవేతన సిబ్బందిని ఖాళీలను బట్టి పర్మినెంట్ చేయాలన్నది దాని సారాంశం. ఎన్నేళ్లుగా పనిచేస్తున్నావో రుజువు చూపించమన్నారు. పాత మస్టర్లు కొన్ని చెదలు తినేశాయి, కొన్ని వరదకే పోయాయి. ఆయన ఫైల్లో దొరికిన జీతం కాగితాలతో పాటు ఆ వరద నివేదిక నకలు కూడా పెట్టాం. ఆ ఒక్క కాగితమే ఉద్యోగం ఇప్పించిందని అనను. అయితే ఈ మనిషి ఫలానా ఏడాది నుంచి గట్టు మీద ఉన్నాడని, ఎలా ఉన్నాడో కూడా, ఒక అధికారి సంతకంతో చెప్పిన కాగితం అదే. పరిశీలించిన వాళ్లు దాన్ని రెండుసార్లు చదవడం నేను చూశాను.

అందుకే చెబుతున్నాను. మంచి మాట చెబితే ఆ రోజు మనసు నిండుతుంది. రాసి పెడితే అది ఆ మనిషి తరఫున, మీరు లేని గదుల్లో కూడా మాట్లాడుతుంది. ప్రైవేటు ఉద్యోగాల్లో అయితే ఇది ఇంకా నిజం. మేనేజర్లు రెండేళ్లకొకసారి మారిపోతారు, వాళ్లతోపాటే వాళ్ల జ్ఞాపకాలూ వెళ్లిపోతాయి.

3. ఉత్తరం కింద "నకలు" అనే గీత ఉంటుంది, వాడుకోండి

ప్రభుత్వ ఉత్తరాల చివర నకలు ఎవరెవరికి వెళ్తోందో రాస్తాం. మెమోలకూ సంజాయిషీలకూ పై నుంచి కింది దాకా నకళ్లు పంపుతాం. మెచ్చుకోలు ఉత్తరానికి మాత్రం నకలు ఉండదు, ఎందుకో! పక్క శాఖలో ఎవరైనా మీకు సాయపడితే, ఆ మనిషికి రాసి, నకలు వాళ్ల అధికారికి పంపండి. వార్షిక పనితీరు నివేదిక రాసేది ఆ అధికారే. సంవత్సరాంతంలో కలం పట్టుకుని కూర్చున్నప్పుడు ఏం రాయాలో తోచక "తృప్తికరం" అని పెట్టేవాళ్లే ఎక్కువ. మీ నకలు బల్ల మీద ఉంటే ఆయన ఒక వాక్యం అదనంగా రాస్తాడు.

రెవెన్యూ వాళ్లు, పోలీసులు, విద్యుత్ శాఖ లైన్‌మన్లు వరదల్లో మాతో కలిసి నడుములోతు నీళ్లలో నిలబడ్డారు. లైన్‌మన్ మంచితనం మా శాఖకు తెలిసి ఏం లాభం? వాళ్ల డివిజనల్ ఇంజనీరుకు తెలియాలి.

4. ఏమీ జరగని చోట ఎవరున్నారో వెతకండి

గండి పూడ్చినవాడి ఫొటో పేపర్లో పడుతుంది. గండి పడకుండా ఏడాదంతా గట్టు మీద ఎలుక బొరియలు, పందికొక్కు కన్నాలు పూడ్చుకుంటూ, ముళ్లపొదలు కొట్టుకుంటూ తిరిగినవాడిని ఎవరూ చూడరు. దాళ్వాలో (రబీ పంటకు) నీటి కొరత ఏర్పడి వంతులవారీ విధానం పెడితే ఇది మరీ బాగా తెలుస్తుంది. కొట్లాటలు జరిగిన కాలువ పేరు కలెక్టరేట్ దాకా వినిపిస్తుంది. చివరి ఎకరం దాకా వంతు తప్పకుండా నీరు వెళ్లిన కాలువ పేరు ఏ సమావేశంలోనూ రాదు. అక్కడ ఒక వర్క్ ఇన్‌స్పెక్టర్ రాత్రుళ్లు రైతులతో కూర్చుని, బతిమాలి, కోప్పడి, తూముల దగ్గర కాపలా పెట్టించి ఉంటాడు.

ప్రతి పంట అయ్యాక ఫిర్యాదులు రాని కాలువల జాబితా తీయించే అలవాటు మా డివిజన్‌లో పెట్టాను. అక్కడ ఎవరున్నారో చూసి, వెళ్లి మాట్లాడేవాణ్ణి. "ఫిర్యాదు రాలేదు, ఎలా నెట్టుకొచ్చారు?" అని అడిగితే వాళ్లు చెప్పే విషయాలు నాకు ఏ మాన్యువల్‌లోనూ దొరకలేదు. మీ ఆఫీసులో కూడా వెతకండి. కంప్యూటర్లు ఆగకుండా చూసేవాళ్లు, జీతాల బిల్లులో తప్పు రాకుండా చూసే గుమాస్తా, ఆపరేషన్ థియేటర్లో పనిముట్లు లెక్కపెట్టే నర్సు. వీళ్లందరి పనితనానికి గుర్తు ఏమీ జరగకపోవడమే. ఆగస్టు 15కీ జనవరి 26కీ పరేడ్ గ్రౌండ్‌లో ఇచ్చే ప్రశంసాపత్రాలకు పేర్లు పంపమని ఆఖరి నిమిషంలో అడుగుతారు. అప్పుడు కళ్లెదుట తిరిగేవాళ్ల పేర్లే గుర్తొస్తాయి. ఏడాది పొడుగునా ఒక చిన్న పుస్తకంలో పేర్లు రాసుకుంటూ ఉంటే ఆ హడావుడిలో అన్యాయం జరగదు.

5. బొమ్మ కింద పెట్టె ఖాళీగా వదలకండి

పాత డ్రాయింగులు చూసినవాళ్లకు తెలుస్తుంది, కుడివైపు కింద మూలన ఒక పెట్టె ఉంటుంది. గీసిందెవరు, ట్రేస్ చేసిందెవరు, సరిచూసిందెవరు, ఆమోదించిందెవరు అని వరసగా గడులు, ఒక్కో గడిలో ఒక్కో పొట్టి సంతకం. ట్రేసింగ్ క్లాత్ మీద సిరాతో రోజులకొద్దీ వంగి గీసిన ట్రేసర్‌కీ, చివర ఒక నిమిషంలో సంతకం చేసిన పెద్ద ఇంజనీరుకీ ఒకే పెట్టెలో చోటు. నా దృష్టిలో వృత్తి జీవితంలో ఇంతకంటే మర్యాదైన ధన్యవాదం లేదు. పొగడ్త ఒక్కటీ లేదు. ఎవరి పని ఏదో ఉంది, అంతే.

ఇప్పుడు పెద్ద తెర మీద స్లైడ్లు వేసి మంత్రిగారికి చూపించే చోట ఆ పెట్టె మాయమైంది. లెక్కలు కట్టిన కుర్రవాడు వెనక వరసలో నిలబడి ఉంటాడు, మాట్లాడేవాడి పేరే నిలుస్తుంది. చివరి స్లైడ్‌లో "థాంక్యూ" అనే పెద్ద అక్షరాలకు బదులు ఆ పేర్లు రాయండి. ఎవరు సర్వే చేశారు, ఎవరు లెక్క కట్టారు, ఎవరు తప్పు పట్టుకున్నారు.

ఎవరి పేరు నిలుస్తుందన్నదానికి మా గోదావరి గడ్డ మీద రెండు ఉదాహరణలు ఉన్నాయి. 1847లో మొదలై 1852కు పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టకు ఆర్థర్ కాటన్ పేరు నిలిచింది, నిలవాలి కూడా. ఊరూరా రైతులు పెట్టుకున్న విగ్రహాలు, కొత్త బ్యారేజీకి ఆయన పేరు, ఇవన్నీ కరవు నుంచి గట్టెక్కిన ప్రజల కృతజ్ఞత. ఆ పనిలో ఆయనకు కుడిభుజంగా నిలిచిన వీణెం వీరన్న గారి పేరు ఈ ప్రాంతం దాటితే తక్కువమందికే తెలుసు. రాళ్లు మోసిన వేల కూలీల పేర్లయితే ఎక్కడా లేవు. రెండో ఉదాహరణ యల్లాప్రగడ సుబ్బారావు గారు, 1895లో భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త. ఫాస్ఫరస్ పరిమాణం కొలిచే పద్ధతిని 1925లో హార్వర్డ్‌లో కనిపెట్టినప్పుడు పెద్దాయన సైరస్ ఫిస్కే పేరు పక్కనే ఈయన పేరూ పెట్టారు. అందువల్ల ప్రపంచమంతా బయోకెమిస్ట్రీ విద్యార్థులు ఫిస్కే, సుబ్బారావు పద్ధతి అని చదువుకున్నారు. 1948లో ఆయన పోయాక, అమెరికాలో ఒక కొత్త శిలీంధ్రాన్ని గుర్తించిన హెసెల్టైన్ 1953లో దానికి సుబ్బారోమైసిస్ అని పేరు పెట్టాడు. నేలలోని సూక్ష్మజీవుల నుంచి మందులు తీసే పరిశోధనను ముందుకు నడిపిన మనిషికి, ఆ రంగం వాడే చెప్పిన ధన్యవాదం అది. ఆయన పనికి తగిన చోటనే పేరు వెళ్లి కూర్చుంది.

6. ముందు జీతం ఇవ్వండి

దీని మీద నాకు రెండో మాట లేదు. అవుట్‌సోర్సింగ్ సిబ్బందికి నెలల తరబడి జీతం రాకుండా, వరదలో బాగా పనిచేశారని వేదిక మీద శాలువా కప్పడం చూశాను. ఆ శాలువా కప్పించుకున్న మనిషి కిందికి దిగి నన్ను అడిగిన మాట, "సార్, బిల్లు ఎప్పుడు పాసవుతుందండీ?" అని. మెచ్చుకోలు జీతానికి బదులు కాదు. ఓవర్‌టైముకు బదులు కాదు, సెలవుకు బదులు కాదు. మీ చేతిలో అధికారం ఉంటే బిల్లు వెంట మీరే తిరగండి, ట్రెజరీకి ఫోన్ మీరే చేయండి. ఆ తర్వాత చెప్పే ధన్యవాదానికి విలువుంటుంది.

సి.పి. బ్రౌన్ కడపలో పండితులను కూర్చోబెట్టి తాళపత్రాలు పరిష్కరింపజేసినప్పుడు వాళ్ల జీతాలు తన జేబులోంచి ఇచ్చాడు, అందుకు అప్పులు చేశాడు. జూలూరి అప్పయ్య వంటి పండితుల విద్వత్తును ఆయన మెచ్చుకున్నాడు సరే, వాళ్ల ఇంట్లో పొయ్యి వెలగాలన్నది కూడా మరచిపోలేదు.

7. కానుక దగ్గర గీత గీసుకోండి

కేంద్ర ప్రభుత్వోద్యోగుల ప్రవర్తనా నియమావళి 1964లో వచ్చింది. మన రాష్ట్రంలోనూ అదే ఏడాది నియమావళి వచ్చింది. బహుమతుల మీద కట్టడి ఉందని అందరికీ తెలుసు. ఉద్యోగి గౌరవార్థం సభలు పెట్టడం మీద కూడా కేంద్ర నియమావళి 14వ నిబంధనలో కట్టడి ఉందని చాలామందికి తెలియదు. బదిలీకో పదవీ విరమణకో ఆత్మీయంగా, ఆడంబరం లేకుండా జరుపుకునే వీడ్కోలుకు మాత్రం అనుమతి ఉంది. ఆ నిబంధన రాసినవాళ్లు మనుషుల్ని బాగా చూసినవాళ్లని నా నమ్మకం. ఎవరి చేతిలో మన పని ఉందో వాళ్లకు చేసే సన్మానంలో కృతజ్ఞత ఎంతో, భయం ఎంతో, రేపటి అవసరం ఎంతో విడదీసి చెప్పలేం.

దీపావళికి కాంట్రాక్టరు పంపే స్వీట్ల డబ్బా ధన్యవాదం కాదు, వెనక్కి పంపండి. కాలువ గట్టు మీద రైతు ఎండలో నడిచొచ్చిన మీకు కొబ్బరిబోండాం కొట్టి ఇస్తే తాగండి, కాదంటే ఆయన నొచ్చుకుంటాడు. అదే రైతు జీపులో పాతిక బోండాలు వేయబోతే దింపించండి. అక్కడ కూర్చుని తాగేదానికీ, ఇంటికి మోసుకెళ్లేదానికీ తేడా ఉంది. ఉద్యోగం అంతా నేను ఈ ఒక్క గీత మీదే నడిచాను.

మీరు చెప్పే ధన్యవాదమైనా అంతే. కింద పనిచేసేవాళ్లకు ఏదైనా ఇవ్వాలనిపిస్తే వాళ్లకు అవసరమైనది ఇవ్వండి. వరద డ్యూటీ ముగిశాక రెండు రోజులు ఇంటికి పంపండి. గట్టు మీద తిరిగేవాడికి రెయిన్‌కోటు, గంబూట్లు మంజూరు చేయించండి. మెమెంటోలు వాళ్ల ఇళ్లలో బీరువా మీద దుమ్ము పట్టి ఉండటం నేను చూశాను.

8. అందరి ముందా, విడిగానా?

ఒకే పద్ధతి అందరికీ నప్పదు. కొందరికి పదిమందిలో పేరు వినిపిస్తే ఏడాదంతా హుషారు. కొందరు వేదిక ఎక్కమంటే కుంచించుకుపోతారు. మా దగ్గర ఒక సీనియర్ అసిస్టెంట్ గారు ఉండేవారు. భూసేకరణ ఫైళ్లలో ఆమెకు తెలియని మూల లేదు. సన్మానం చేస్తామంటే, "వద్దు సార్, ఒక ఉత్తరం రాసివ్వండి, మా అమ్మాయికి చూపించుకుంటాను" అన్నారు. రాసిచ్చాను. ఏ ఫైలు ఎలా కాపాడారో ఒక పేజీ. మీరూ ముందు అడగండి, అడగడంలో తప్పు లేదు.

సమష్టిగా జరిగిన పనిలో ఒక్కరినే వేదిక ఎక్కిస్తే మిగిలినవాళ్లు చప్పట్లు కొడతారు కానీ మర్నాటి నుంచి పని చల్లబడుతుంది. అలాంటి చోట అందరి పేర్లూ, ఎవరి పని ఏదో చెప్పి చదవండి. పది నిమిషాలు ఎక్కువ పడుతుంది. పట్టనివ్వండి.

9. ధన్యవాదం చెప్పిన ఉత్తరంలో ఇంకో పని అడగకండి

"మొన్నటి సాయానికి కృతజ్ఞతలు, అలాగే ఈ ఫైలు కూడా కాస్త చూడండి" అని రాస్తే మొదటి సగం ఎవరూ చదవరు. పని ఉంటే వేరే రోజు వేరే ఉత్తరం రాయండి.

10. మీకు చెప్పినప్పుడు తోసిపుచ్చకండి

మన దగ్గర ఎవరైనా మెచ్చుకుంటే "అబ్బే, నాదేముందండీ" అనడం మర్యాద అనుకుంటాం. శ్రమపడి మాటలు వెతుక్కుని చెప్పిన మనిషిని అది చిన్నబుచ్చుతుంది. "సంతోషమండీ" అనండి. ఆ పనిలో ఇంకెవరి చెయ్యైనా ఉంటే అక్కడికక్కడే వాళ్ల పేరు చెప్పండి, "అంచనాలు వేసింది మా ఏఈ గారు, ఆయనకూ చెప్పండి" అని. మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారు అలా చెప్పబట్టే చీఫ్ ఇంజనీరు గారికి నా పేరు మొదటిసారి తెలిసింది.

11. నెలాఖరు కోసం చూడకండి

మన రాష్ట్రాల్లో ప్రభుత్వోద్యోగి పదవీ విరమణ చేసేది నెల చివరి రోజున. ఆ సాయంత్రం పూలదండ, శాలువా, పళ్లెంలో మిక్చరు, ఇద్దరు ముగ్గురి ఉపన్యాసాలు. "మృదుస్వభావి, స్నేహశీలి, కార్యదక్షుడు." ముప్పై ఏళ్లు గేజి రీడింగు తప్పు రాయని మనిషికి ఈ మూడు విశేషణాలు చాలవు. గేజి రీడర్ రాసే ఆ అంకెల మీద ఆధారపడే లంక గ్రామాల్ని ఖాళీ చేయించాలా వద్దా అని తేల్చుకున్నాం. ఆ మాట ఆ సభలో ఎవరైనా చెప్పాలి. చెప్పాలంటే ఎవరైనా ముందే పాత రిజిస్టర్లు తిరగేసి ఉండాలి, పాత అధికారులకు ఫోన్ చేసి ఉండాలి.

రిటైరై ఊళ్లో ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్లడం కూడా ఆలస్యం చేయకండి. నాకు పని నేర్పిన వర్క్ ఇన్‌స్పెక్టర్ల ఇళ్లకు ఇప్పటికీ వెళ్తుంటాను. ఫలానా తూము దగ్గర మీరు చెప్పిన చిట్కా ఈ ఏడాది కొత్త ఏఈకి చెప్పాను అంటే చాలు, వాళ్లు ఇంకో రెండు చెబుతారు.

ఈ నెలాఖరున మీ ఆఫీసులో ఎవరు దిగిపోతున్నారో ఇవాళే కనుక్కోండి. ఆ మనిషి చేసిన ఒక్క పని, తేదీతో చోటుతో సహా, వాళ్లతో పనిచేసినవాళ్లను అడిగి తెలుసుకోండి. ఒక తెల్లకాగితం మీద మీ చేత్తో రాసి, సంతకం పెట్టి, నకలు ఆఫీసు ఫైల్లో ఉంచి, సభ మొదలవకముందే ఆయన చేతికో ఆమె చేతికో ఇవ్వండి.